ఒకటో తరగతిలో మొదటి మూడు వారాలు

సంపాదకులకు నమస్కారం.

మెగా డీఎస్సీ-2025లో ఎంపికైన ఉపాధ్యాయులు బడుల్లో చేరినప్పటి నుంచి వారి పోస్టింగుల గురించి, జీతాల గురించి, శిక్షణ గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. 16,347 పోస్టులకు ప్రకటన వెలువడిన ఆ నియామకాల్లో ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్జీటీలు) వేల మంది ఉన్నారు. వారిలో చాలామంది నేరుగా ఒకటి, రెండు తరగతుల గదుల్లోకే అడుగుపెట్టారు. అయిదారేళ్ళ పిల్లలు ముప్ఫై మంది ఉన్న గదిని ఎలా నడపాలన్న విషయం మీద మాత్రం ఎవరూ రాయడం నాకు కనిపించలేదు. 1994లో ఉద్యోగంలో చేరి 2025లో పదవీ విరమణ చేసేదాకా, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో మొదట కనిగిరి, పామూరు వైపు మెట్ట పల్లెల్లోను, తరువాత ఒంగోలుకు తూర్పున సముద్రం దగ్గరి ఊళ్ళలోను, ఎక్కువ కాలం ఆ చిన్న తరగతులకే పాఠం చెప్పినదాన్ని గనుక నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. ఉత్తరం పొడవైనందుకు మన్నించి, వీలైతే పూర్తిగా ప్రచురించమని కోరుతున్నాను.

దసరా సెలవులు అయ్యాక ఉద్యోగంలో చేరిన మా వీధి అమ్మాయి సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడటానికి వచ్చింది. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. "పెద్దమ్మా, డీఎస్సీకి చదివిన సైకాలజీ అంతా నాకు నోటికి వచ్చు. పిల్లల ఎదుగుదల గురించి పియాజే చెప్పిన దశలన్నీ నిద్రలో అడిగినా చెబుతాను. పిల్లల్ని కూర్చోబెట్టడం మాత్రం రావడం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుస్తూనే ఉంటున్నాను" అని చెప్పి ఏడ్చింది. తెలివైన పిల్ల, బడి అంటే ఇష్టం ఉన్న పిల్ల. నేను ఆమెను మూడు ప్రశ్నలు అడిగాను. పొద్దున పిల్లలు గదిలోకి వస్తుంటే తలుపు దగ్గర ఎవరుంటారు? పలకలు ఎక్కడ పెడతారు, వాటిని ఎవరు పంచుతారు? పాఠం మధ్యలో పిల్లవాడు ఒంటికి వెళ్ళాలంటే ఏం చేయాలి? మూడింటిలో ఒక్కదానికీ ఆమె దగ్గర జవాబు లేదు. అది ఆమె తప్పని నేను అనను. నేను ఉద్యోగంలో చేరిన రోజున నా దగ్గరా లేదు. శిక్షణలో మా చేత పాఠ్యపథకాలు రాయించారు, బోధనోపకరణాలు చేయించారు, పరీక్ష పెట్టారు. నలభై మంది పిల్లలను వరండాలోంచి గదిలోకి తోపులాట లేకుండా తీసుకురావడం ఎలాగో ఎవరూ చేసి చూపించలేదు.

చిన్న పిల్లల తరగతిలో క్రమం అనేది అల్లరి మొదలయ్యాక తెచ్చేది కాదు, బడి తెరిచిన మొదటి మూడు వారాల్లో పాఠంలాగా నేర్పి పెట్టుకునేది అన్నది ముప్ఫై ఏళ్ళ అనుభవంలో నాకు స్థిరపడిన అభిప్రాయం. ఇది నా ఒక్కదాని మాట కాదు. అమెరికాలో జేకబ్ కూనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రాథమిక తరగతులను వీడియో తీసి, తరగతి సజావుగా సాగే టీచర్లకూ సాగని టీచర్లకూ తేడా ఎక్కడుందో వెతికి, 1970లో తన ఫలితాలను ప్రచురించారు. అల్లరి జరిగాక ఎలా మందలించారు అన్న విషయంలో ఆ రెండు రకాల టీచర్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఆయనకు కనబడలేదు. తేడా అంతా అల్లరి పుట్టకముందు వారు చేస్తున్న పనుల్లో ఉంది. గదిలో ఏ మూల ఏం జరుగుతున్నదో టీచరుకు తెలుసునని పిల్లలకు తెలియడం, ఒక పనిలోంచి మరొక పనిలోకి ఆగిపోకుండా, తడబడకుండా మళ్ళడం, ఒకే సమయంలో రెండు విషయాలు చూసుకోగలగడం, అందరికీ చేతిలో ఏదో ఒక పని ఉండేలా చూడటం వంటివి అవి. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ వంటిల్లు గుర్తుకొచ్చింది. ఒక పొయ్యి మీద అన్నం వార్చుతూ రెండో పొయ్యి మీద పోపు మాడకుండా చూసుకునే ఆడవాళ్ళకు ఒకేసారి రెండు పనులు చూసుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్ళడం న్యాయం కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కనిగిరి వైపు ఒక పల్లెలో, రెండో తరగతి పిల్లవాడొకడు పాఠం మధ్యలో మాటిమాటికీ లేచి నిలబడేవాడు. కూర్చో అంటే కూర్చునేవాడు, రెండు నిమిషాలకు మళ్ళీ లేచేవాడు. వాణ్ణి చూసి పక్కవాడు, పక్కవాణ్ణి చూసి వెనకవాడు లేచేవారు. నాలుగైదు రోజులు చెప్పి చూశాను, తరువాత స్కేలుతో పిక్కల మీద కొట్టాను. అలా నెల రోజుల పాటు కొడుతూనే ఉన్నాను. ఒకరోజు వాడి అవ్వ బడికి వచ్చి, "అమ్మా, వాడు కాళ్ళు మడుచుకుని కూర్చోలేడమ్మా, రాత్రిళ్ళు మోకాళ్ళు పట్టుకుని ఏడుస్తాడు" అన్నది. కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి మీ పాఠకులకు కొత్త కాదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఆ ఊరి బోరు నీళ్ళు తాగిన పిల్లల పళ్ళ మీద గారను నేను రోజూ చూస్తూనే ఉన్నాను, మోకాళ్ళ గురించి మాత్రం ఆలోచించలేదు. బండల మీద చాప పరిచి కూర్చోబెట్టిన ఆ గదిలో వాడికి ఒక పీట వేసి గోడకు ఆనుకుని కూర్చోనిస్తే సరిపోయే విషయానికి నేను కొట్టాను. మరునాడు పీట వేశాను. వాడు లేవడం ఆగిపోయింది, వాణ్ణి చూసి లేచేవారూ ఆగిపోయారు. వాడికిప్పుడు నలభై ఏళ్ళకు దగ్గర పడి ఉంటాయి. ఆ స్కేలును నేను మరిచిపోయిన రోజు లేదు.

అప్పటి నుంచి, కదలకుండా కూర్చోలేని పిల్లవాణ్ణి చూస్తే ముందు వాడి ఒంటి గురించి అడగడం అలవాటు చేసుకున్నాను. పొద్దున ఏమైనా తిని వచ్చాడా, రాత్రి నిద్రపోయాడా, బోర్డు మీది అక్షరం కనబడుతోందా, చెవి వినబడుతోందా అని. మా మెట్ట ప్రాంతం నుంచి తల్లిదండ్రులు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోతే అవ్వా తాతల దగ్గర ఉండిపోయిన పిల్లలు ప్రతి తరగతిలోనూ నలుగురైదుగురు ఉంటారు. సంక్రాంతికి వచ్చిన తల్లి తిరిగి బస్సెక్కిన మరునాడు ఆ బిడ్డ తరగతిలో ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు. ఆ వారం వాడి చేత ఎక్కాలు అప్పగించుకోవడం కన్నా వాణ్ణి నా కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని సుద్దముక్కలు సర్దించడం నాకు మేలనిపించేది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానిలోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "చేతిలో కర్ర లాగేసుకుని క్రమశిక్షణ తెమ్మంటే ఎలా తెస్తాం" అని నా తోటివారు చాలామంది బాధపడటం నాకు తెలుసు. వారి బాధలో నిజం లేదనను, కానీ దాని మూలం చట్టంలో లేదు. తాతల కాలపు వీధిబడిలో బెత్తం, కోదండం, గోడకుర్చీ వంటి శిక్షలు ఉండేవి. ఆ అయ్యవార్ల దగ్గర కర్రతో పాటు మరొకటి కూడా ఉండేది. ఏ పిల్లవాడు ఎవరి ఇంటివాడో, ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగిందో లేదో వారికి తెలుసు. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో మగ టీచరును ఇప్పటికీ 'అయ్యోరా' అనే పిలిచే ఇళ్ళున్నాయి. ఆ పిలుపులోని చనువు ఆ ఎరుక వల్ల వచ్చింది. చట్టం కర్రను తీసేసింది, తీసేయడం పూర్తిగా సరైన పని. దాని స్థానంలో ఏం చేయాలో టీచరు చేతికి అందించే పని శిక్షణలో జరగలేదు. జరగనంత కాలం కొత్తగా వచ్చినవారు గొంతును కర్రలాగా వాడుతూనే ఉంటారు. అరుపుకు కూడా పిల్లలు వారంలో అలవాటు పడతారు, రెండో వారం ఇంకా గట్టిగా అరవాలి.

మరి ఏం చేయాలి? ముందు పొద్దుటి పది నిమిషాల గురించి చెబుతాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆవేదన కలిగించేది అదే. పిల్లలు గదిలోకి వచ్చే సమయంలో టీచరు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, ముఖం చూసి లోపలికి పంపితే, ఆ రోజు ఎవరికి జ్వరం, ఎవరు ఏడ్చి వచ్చారు, ఎవరు ఎవరితో దారిలో కొట్లాడుకుని వచ్చారు అన్నది పాఠం మొదలు కాకముందే తెలిసిపోతుంది. పిల్లవాడు నేరుగా వెళ్ళి సంచి తన మేకుకు తగిలించి, పలక తీసుకుని, బోర్డు మీద ముందే రాసి ఉంచిన చిన్న పనిని మొదలుపెట్టాలి. ఆ పని చాలా తేలికైనదై ఉండాలి. నిన్న నేర్చుకున్న అక్షరాన్ని అయిదు సార్లు దిద్దడమో, తోచిన బొమ్మ గీయడమో చాలు. అందరూ వచ్చేదాకా చేతులు ఖాళీగా ఉన్న పిల్లలు తప్పకుండా ఒకరి మీద ఒకరు పడతారు. ఇవాళ ఆ పది నిమిషాల్లో టీచరు ఏం చేస్తున్నారు? ఫోను పట్టుకుని తన హాజరు వేసుకుంటున్నారు, పిల్లల హాజరు యాప్‌లో ఎక్కిస్తున్నారు, భోజనానికి ఎంతమంది అన్న లెక్క పంపుతున్నారు, సిగ్నల్ లేకపోతే వరండా చివరకు వెళ్ళి నిలబడుతున్నారు. ఆ లెక్కలు అవసరం లేనివని నేననడం లేదు. అవి పదిన్నర తరువాత పంపినా అన్నం ఉడుకుతుంది. చిన్న తరగతులకు చెప్పే టీచరును ఉదయపు మొదటి పీరియడ్ పూర్తయ్యేదాకా ఫోను ముట్టనక్కర్లేకుండా చేస్తూ ఒక్క ఉత్తర్వు ఇస్తే, తరగతుల్లో గొడవ సగం తగ్గుతుందని నా నమ్మకం.

తరువాత, పద్ధతులను నేర్పడం. నేర్పడం అంటే చెప్పడం కాదు, ఆడించడం. జూన్ 12న బడి తెరిస్తే జూన్ నెలాఖరు దాకా నేను వాచకం గురించి పెద్దగా పట్టించుకునేదాన్ని కాను. వరసలో నడవడం ఎలాగో రోజుకు మూడు సార్లు ఆటలాగా ఆడించేదాన్ని. నా దగ్గర చిన్న ఇత్తడి గంట ఉండేది. అది ఒక్కసారి మోగితే చేతిలో ఉన్నది కింద పెట్టి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని నా వైపు చూడాలి. మొదటి రోజు పది మంది చూస్తారు. అప్పుడు చూడని ఇరవై మందిని తిట్టకుండా, చూసిన పది మందిని పేరుపెట్టి మెచ్చుకోవాలి. "మస్తాన్ చూస్తున్నాడు, లక్ష్మి చూస్తున్నది, వెనక వరసలో అంకమ్మ కూడా చూస్తున్నది" అనేసరికి మిగతావారూ తలెత్తుతారు. నాలుగో రోజుకు ముప్ఫై మందీ చూస్తారు. ఒక్కరు చూడకపోయినా నోరు తెరవకూడదు, ఇదే కష్టమైన భాగం. సగం గది మాట్లాడుతుండగా టీచరు పాఠం మొదలుపెడితే, టీచరు మాట్లాడేటప్పుడు మనమూ మాట్లాడవచ్చు అన్న పాఠాన్ని ఆ పిల్లలు ముందు నేర్చుకుంటారు. చెప్పే మాటలు కూడా ఒక్కొక్కటిగా చెప్పాలి. "పుస్తకాలు లోపల పెట్టి పలకలు తీసి బలపాలు పట్టుకుని పేరు రాయండి" అని ఒక్క ఊపిరిలో నాలుగు పనులు చెబితే ఆరేళ్ళ బిడ్డకు చివరిది మాత్రమే గుర్తుంటుంది. ఒక పని చెప్పి, అది అయ్యేదాకా ఆగి, రెండోది చెప్పాలి. ఇలా చేస్తే పని నెమ్మదిగా సాగుతుందని అనిపిస్తుంది గానీ మధ్యలో అరవడానికి పట్టే సమయం మిగులుతుంది.

ఒంటికి వెళ్ళడం గురించి మా వీధి అమ్మాయిని అడిగాను గదా. చిన్న తరగతిలో పాఠాన్ని రోజుకు ఇరవై సార్లు కోసేది ఈ ఒక్క విషయమే. ఒకడు అడిగి లేస్తే నలుగురు లేస్తారు. పంపకపోతే తడుపుకునే బిడ్డ ఒకరుంటారు, ఆ అవమానం ఆ బిడ్డను నెలల తరబడి వెంటాడుతుంది. నేను తలుపు పక్కన రెండు మేకులు కొట్టి, రెండు చిన్న చెక్కముక్కలకు దారం కట్టి తగిలించాను. ఒకదాని మీద అమ్మాయి బొమ్మ, ఒకదాని మీద అబ్బాయి బొమ్మ. చెక్క మేకుకు ఉంటే నన్ను అడగనక్కర్లేదు, మెడలో వేసుకుని వెళ్ళి రావచ్చు. చెక్క లేకపోతే ఎవరో వెళ్ళి ఉన్నారు గనుక వారు వచ్చేదాకా ఆగాలి. పాఠం ఒక్క క్షణం ఆగదు. పిల్లలు దీన్ని దుర్వినియోగం చేయరా అని అడుగుతారు. మొదటి వారం చేస్తారు, రెండో వారానికి చెక్కలో కొత్తదనం పోతుంది.

బలపాల సంగతి కూడా ఇలాంటిదే. "టీచర్, వీడు నా బలపం తీసుకున్నాడు" అన్న ఫిర్యాదు వినని టీచరు ఉండరు. తప్పెవరిదో విచారించడానికి కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది, దొంగ అన్న పేరు ఎవరో ఒక బిడ్డకు అంటుకుంటుంది. కొబ్బరి చిప్పలో బలపం ముక్కలు, చెక్కిన పెన్సిళ్ళు వేసి గది మధ్యలో పెట్టండి. లేనివాడు తీసుకుంటాడు, పోయేటప్పుడు వేసి పోతాడు. నెలకు ఇరవై రూపాయల ఖర్చు. ఫిర్యాదుల్లో దెబ్బ తగిలినవి, భయపడి చెప్పినవి మాత్రం పని ఆపి వినాలి. ఎవరో గీత వంకరగా గీశారని చెప్పే మాటకు "సరే నాన్నా, నీ గీత చూపించు" అంటే చాలు.

చాలా బడుల్లో టీచరు బయటికి వెళ్తూ క్లాస్ లీడరుకు సుద్దముక్క ఇచ్చి, మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాయమని చెప్పడం ఆనవాయితీ. మనలో చాలామంది పేర్లు చిన్నప్పుడు ఆ బోర్డు ఎక్కినవే. ఈ పద్ధతి మానేయమని నేను చేతులు జోడించి కోరుతున్నాను. ఆ లీడరుకు నచ్చనివాడి పేరు పైన ఉంటుంది, చాక్లెట్ ఇచ్చినవాడి పేరు ఉండదు. పేద ఇంటి బిడ్డ పేరు, కులం పేరుతో దూరం పెట్టిన వాడల నుంచి వచ్చిన బిడ్డ పేరు, యానాదుల బిడ్డ పేరు తరచుగా మొదట ఉండటం నా కళ్ళతో చూశాను. ఆ బిడ్డ రెండో నెలలో బడి మానేస్తే కారణం రిజిస్టరులో 'అనాసక్తి' అని రాస్తాం. అందరి ముందు ఒకరిని కించపరిస్తే అది ఆ ఒక్కరితో ఆగదని, చూస్తున్న పిల్లల్లోనూ కలవరం పుడుతుందని కూనిన్ కూడా గమనించారు. ఒక పిల్లవాణ్ణి మందలించవలసి వస్తే దగ్గరకు వెళ్ళి, వాడి ఎత్తుకు వంగి, వాడికి మాత్రమే వినబడేట్టు చెప్పాలి. పదింట ఎనిమిది సార్లు దగ్గరకు వెళ్ళి నిలబడితేనే చాలు, మాట అక్కర్లేదు. అందుకే పిల్లల మధ్య టీచరు నడవడానికి దారి ఉండేట్టు బెంచీలు వేయాలి. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పనులు 2019 నవంబర్ 14న మా ఒంగోలులోనే మొదలయ్యాయి. ఆ తరువాత చాలా బడులకు మంచి బెంచీలు, పెద్ద బోర్డులు, కుళాయిలు వచ్చాయి, అది సంతోషించవలసిన విషయం. కానీ ఒకటో తరగతి గదిని గోడ నుంచి గోడ దాకా బెంచీలతో నింపేస్తే వెనక మూల కూర్చున్న బిడ్డ దగ్గరికి టీచరు చేరలేరు. నాలుగు బెంచీలు వరండాలోకి జరిపి, ముందు భాగంలో చాప పరిచి, కథకు చాప మీద, రాతకు బెంచీ మీద కూర్చోబెడితే, ఆ లేవడం, కూర్చోవడంలోనే పిల్లల కాళ్ళకు కావలసిన కదలిక దొరుకుతుంది.

ఒక టీచరు, రెండు మూడు తరగతులు ఉన్న బడుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం అయిదు. మోడల్ ప్రైమరీ స్కూళ్ళలో తరగతికొక టీచరును ఇవ్వాలన్న నిర్ణయం మంచిదే గానీ మారుమూల పల్లెల్లో ఇద్దరే ఉన్న బడులు ఇంకా చాలా ఉన్నాయి. అటువంటి చోట నేను పాటించిన సూత్రం ఒక్కటే, ఒక తరగతికి నోటి పని ఉన్నప్పుడు రెండో తరగతికి చేతి పని ఉండాలి. ఇద్దరికీ నోటి పని పెడితే సంత అవుతుంది, ఇద్దరికీ చేతి పని పెడితే ఎవరికీ నేను అక్కర్లేదు. ఒకటో తరగతివారు చింతగింజలతో లెక్కలు పేర్చుకుంటుంటే మూడో తరగతివారితో చదివించేదాన్ని. తరువాత మూడో తరగతివారికి రాత ఇచ్చి ఒకటో తరగతి దగ్గరకు వచ్చేదాన్ని. చేతి పని పూర్తయిన పిల్లవాడు తరువాత ఏం చేయాలో కూడా ముందే చెప్పి ఉంచాలి. 'అయిపోయింది టీచర్' అన్న మాటకు సిద్ధంగా జవాబు లేకపోతే అల్లరి అక్కడ పుడుతుంది.

మౌనంగా ఉన్న తరగతే మంచి తరగతి అని పై అధికారులు, తల్లిదండ్రులు అనుకోవడం మరొక ఇబ్బంది. తనిఖీకి వచ్చినవారు గదిలో చప్పుడు విని ముఖం చిట్లిస్తే కొత్త టీచరు మరునాటి నుంచి పిల్లల నోరు మూయించే పనిలో పడతారు. చింతగింజలు లెక్కపెట్టే చప్పుడు వేరు, కొట్లాట చప్పుడు వేరు. అలాగే అందరూ కలిసి గట్టిగా అప్పజెప్పడాన్ని చదువుగా పొరబడకూడదు. ముప్ఫై గొంతుల్లో రాని ఆరుగురి గొంతులు కలిసిపోతాయి, వారికి రాదని మార్చి నెలలో తెలుస్తుంది. ప్రశ్న వేసి ఆగడం టీచర్లకు చాలా కష్టమైన పని. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త తరగతి గదుల్లోని సంభాషణలను రికార్డు చేసి చూసి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్ల పైన ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని, మాట్లాడనివారు కూడా నోరు విప్పుతున్నారని చెప్పారు. నేను మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకునేదాన్ని. నాలుగు అనేలోపు వెనక బెంచీలో ఒక చేయి లేచేది, ఆ చేయి అంతకుముందు ఎన్నడూ లేవనిదై ఉండేది.

నిశ్శబ్దాన్ని శిక్షగా కాక ఆటగా నేర్పవచ్చని ఇటలీ విద్యావేత్త మారియా మాంటిసోరి చూపించారు. 1907లో రోమ్ నగరపు పేదల వాడలో 'పిల్లల ఇల్లు' అనే బడి తెరిచిన ఆమె, 1939లో మన పక్కనే ఉన్న మద్రాసు అడయారుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ ఆటలో పిల్లలంతా కదలకుండా, చప్పుడు చేయకుండా కూర్చుంటారు. టీచరు తలుపు అవతల నుంచి గుసగుసగా ఒక్కొక్కరి పేరు పిలుస్తుంది. పేరు వినబడిన బిడ్డ అడుగుల చప్పుడు లేకుండా లేచి టీచరు దగ్గరికి వస్తాడు. అన్నం తిన్నాక, ఒంటిపూట బడులు మొదలు కాబోయే మార్చి ఎండల్లో, పిల్లలు చిరాకుగా ఉన్న మధ్యాహ్నాలు నేను ఈ ఆట ఆడించేదాన్ని. వేపచెట్టు మీద కాకి అరుపు, వంట ఆయమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు, చాలా దూరంగా బస్సు హారను వినబడేవి. 'ఇంకేం వినబడ్డాయి' అని అడిగితే పిల్లలు చెప్పే జాబితా ఆ పూట భాషా పాఠం అయ్యేది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా జరిగిన తల్లిదండ్రులు, టీచర్ల సమావేశానికి మా బడికి వచ్చినవారిలో కనీసం పది మంది నాతో, "కళ్ళు రెండూ వదిలేసి నాలుగు తగిలించండి టీచర్, మేమేం అనం" అన్నారు. అది నా మీద నమ్మకంతో అన్న మాటేనని నాకు తెలుసు. కానీ ఆ మాట బిడ్డ ముందు అంటే, ఇంట్లో అమ్మానాన్నా బడిలో టీచరూ కలిసి తనను కొట్టడానికి ఒప్పందం చేసుకున్నారని ఆ బిడ్డకు అర్థమవుతుంది. దానికి బదులు రాత్రి తొందరగా పడుకోబెట్టి, పొద్దున ఏదైనా తినిపించి, వేళకు పంపండి. చిన్న తరగతిలో సగం క్రమశిక్షణ ఇంటి నుంచి అలా నడిచి వస్తుంది.

విద్యాశాఖ అధికారులకు నా విన్నపాలు రెండే. మొదటిది పైన చెప్పిన మొదటి పీరియడ్ సంగతి. రెండోది, కొత్తగా చేరిన ప్రతి ఎస్జీటీనీ వచ్చే జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం తన మండలంలోనే చిన్న తరగతులను బాగా నడిపే ఒక అనుభవజ్ఞుల గదిలో వెనక కూర్చోనివ్వండి. పాఠం ఎలా చెబుతున్నారని చూడక్కర్లేదు. పిల్లలు గదిలోకి ఎలా వస్తున్నారు, పలకలు ఎలా పంచుతున్నారు, అన్నానికి చేతులు కడుక్కునే కుళాయి దగ్గర వరస ఎలా నిలబడుతోంది, ఏడ్చిన బిడ్డను టీచరు ఏం చేశారు అన్నవి రాసుకోమనండి. తరువాతి రెండు వారాలు తన గదిలో వాటిని నేర్పనివ్వండి. ఆ మూడు వారాలు సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడగకండి. చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు నిర్దేశించింది. అందులో పదిహేను రోజులు ఇలా ఖర్చు పెడితే మిగతా 185 రోజులు పాఠానికే దక్కుతాయి. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్క రావాలన్న నిపుణ్ భారత్ లక్ష్యం 2021 నుంచి మన ముందుంది. ఆ లక్ష్యం ఈ గదుల్లోంచే నెరవేరాలి.

పదవీ విరమణ చేసిన నాలాంటివారు ఈ జిల్లాలో, పక్కన నెల్లూరు జిల్లాలో ప్రతి మండలంలోనూ ఉన్నారు. మండల విద్యాశాఖాధికారులు పిలిస్తే పారితోషికం లేకుండా వారానికి రెండు రోజులు కొత్త టీచరు గదిలో ఒక మూల కూర్చుని సాయం చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను, నాకు తెలిసిన మరో ఆరుగురు కూడా ఒప్పుకున్నారు. మా వీధి అమ్మాయి తన ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని నన్ను ఈ సోమవారం బడికి రమ్మన్నది. రెండు చెక్కముక్కలకు దారం కట్టి, బొమ్మలు గీసి ఉంచాను. మేకులు అక్కడ దొరుకుతాయని చెప్పింది.

ఇట్లు,
విశ్రాంత సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయురాలు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా.